ఆడవాళ్ళ వార్డులో జడకోలాటం

1984 జూన్‌లో నన్ను మా మిషన్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ మెడికల్ వార్డుకి సిస్టరుగా వేశారు. ఆసుపత్రి పల్నాడులో ఉండేది. సత్తెనపల్లి నుంచి బస్సులో గంట ప్రయాణం. చుట్టూ ఎటు చూసినా పత్తి చేలు, మిరప తోటలు. లూథరన్ సంఘం నడిపే ఆసుపత్రి కాబట్టి మాలో చాలామందిమి ఆ సంఘంలో పుట్టి పెరిగినవాళ్ళమే. నాది వేటపాలెం. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తూ నన్ను నర్సింగు చదివించింది.

ఈ వృత్తి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అందరూ మమ్మల్ని సిస్టర్ అనే పిలుస్తారు గానీ ఆసుపత్రి లోపల ఆ మాట ఒక హోదా. విద్యార్థినుల పైన స్టాఫ్ నర్సులు, వాళ్ళ పైన వార్డు సిస్టరు, అందరి పైన నర్సింగ్ సూపరింటెండెంటు. వార్డు సిస్టరు అంటే ఆ వార్డుకి ఇల్లాలు అనుకోండి. మందుల బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుంది. డాక్టరు గారు రౌండ్స్‌కి వస్తే పక్కన నడిచేది ఆమె. దుప్పటి చిరిగినా, ఆయా రాకపోయినా, రోగి బంధువు వరండాలో చుట్ట కాల్చినా అడిగేది ఆమెనే.

మా సూపరింటెండెంటు రత్నకుమారి గారు. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే రోగులు కూడా దుప్పట్లు సర్దుకునేవాళ్ళు. ఆవిడ కోపిష్ఠి కాదు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. కానీ పక్కమీద ముడత ఉంటే ఆ ముడత వంకే చూస్తూ నిలబడేవారు, మనం వెళ్ళి సర్దేదాకా.

క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలను మా సంఘంలో అడ్వెంటు అంటారు. క్రీస్తు రాక కోసం సిద్ధపడే కాలం. ఆ రోజుల్లో ఆసుపత్రి చాపెల్లో, అంటే ప్రార్థన గదిలో, బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. క్రిస్మస్ నాడు అది తీసి తెల్లది వేస్తారు. ఆసుపత్రిలో ఆ నాలుగు వారాలూ పని రెట్టింపయ్యేది. డ్యూటీ దిగాక పాటల ప్రాక్టీసు, వెదురుబద్దలు చీల్చి రంగు కాగితాలతో నక్షత్రాలు కట్టడం, ఏ వార్డు బాగా అలంకరించారో చూసి సూపరింటెండెంటు గారు ఇచ్చే బహుమతి కోసం పోటీ. వార్డు సిస్టరుగా అది నా మొదటి క్రిస్మస్. బహుమతి మా వార్డుకే రావాలని నాకు చాలా ఉండేది.

రెండో అడ్వెంటు ఆదివారం దాటిన వారంలో, ఒక మధ్యాహ్నం రోగుల భోజనాలు అయిపోయిన వేళ, ఆసుపత్రి గేట్లోకి ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రక్కు నిండా అప్పుడే ఏరిన పత్తి. ఆ పత్తి మీద ఒక ఆడమనిషిని పడుకోబెట్టి, ఆమె భర్త తల పట్టుకుని కూర్చున్నాడు. నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, రెప్పలు, బుగ్గలు సన్నగా అదురుతున్నాయి. మా డాక్టరు గారు కనిగిరి వైపు ఆయన, మాటలు తక్కువ. కనురెప్ప ఎత్తి టార్చి వేసి చూశారు. కంటిపాప గుండుసూది మొనంత ఉంది.

"పురుగుమందు. తాగిందా?" అన్నారు.

"లేదు సార్." జవాబు చెప్పింది ట్రాక్టరు తోలుకొచ్చిన మనిషి. పేరు మస్తాన్. నాలుగెకరాల రైతు, చేను అతనిదే. "పచ్చపురుగుకి మందు కొట్టిస్తున్నాను. ఈమె డబ్బా నెత్తినెట్టుకుని కాలవ దగ్గర్నించి మోసుకొచ్చింది. మూత కారినట్టుంది, ఎవరం చూసుకోలేదు. డబ్బా కూడా తెచ్చాను సార్." సంచిలోంచి తీసి చూపించాడు.

ఆ డబ్బా తేవడం చాలా మేలు చేసింది. ఏ మందో తెలియకపోతే లక్షణాలు చూసి ఊహించుకోవాలి. తెలిస్తే విరుగుడు వెంటనే మొదలుపెట్టవచ్చు. ఈ రకం మందులకి విరుగుడు అట్రోపిన్. సూదిమందుగా కొద్ది నిమిషాలకొకసారి ఇస్తూ, కంటిపాప పెద్దదయ్యేదాకా, ఊపిరితిత్తుల్లో గురగుర ఆగేదాకా ఆపకుండా వెళ్ళాలి. ఎంత ఇవ్వాలన్నది పుస్తకం చెప్పదు, రోగి ఒళ్ళు చెబుతుంది. అందుకే ఒక నర్సు మంచం పక్కనుంచి కదలకూడదు.

కానీ అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. చర్మం మీద మందు ఉన్నంతసేపూ అది లోపలికి ఇంకుతూనే ఉంటుంది. చేతులకు గ్లౌజులు వేసుకుని, బట్టలన్నీ తీసి పారేసి, సబ్బునీళ్ళతో ఒళ్ళంతా కడిగాం. ఆమె తలమీద చుట్టకుదురు తడిసి ముద్దై ఉంది. తీసి చూస్తే, జుట్టు. మోకాళ్ళదాకా దిగే జడ, ముడి వేసుకుని ఉంది. ముడి లోపలంతా మందు. రెండుసార్లు కడిగినా ఆ వాసన పోలేదు.

నేను గది బయటికొచ్చి ఆమె భర్తను పిలిచాను. యాకోబు అని సన్నపాటి మనిషి. జుట్టు తీసేయాలి, సంతకం అక్కర్లేదు, నోటితో సరేనంటే చాలని చెప్పాను. అతను నా మొహం వంక చూసి, "ఆమెకి జుట్టంటే ప్రాణం సిస్టర్ గారూ," అన్నాడు.

"ఆ ప్రాణం కోసమే అడుగుతున్నానయ్యా."

అతను తల ఊపాడు. భర్త బతికుండగా ఆడదానికి గుండు చేయడం మాటలు కాదు, అందులోనూ పల్లెలో. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కత్తెర నేనే పట్టాను. మొదలంటా కత్తిరించి, మిగిలింది గొరిగి, మళ్ళీ కడిగాం. ఆ జడని బట్టలతోపాటు తగలబెట్టించాల్సి వచ్చింది.

ఆమె పేరు మార్తమ్మ. సాయంత్రానికి కంటిపాప కాస్త విప్పారింది, ఊపిరి తేలికైంది. ఆమెను నా వార్డులో, నా బల్లకి ఎదురుగా ఉన్న మంచం మీదికి మార్చారు.

అట్రోపిన్ ఎక్కువగా ఎక్కినప్పుడు మనిషికి మతి చెదురుతుంది. మొహం ఎర్రబడుతుంది, నోరు ఎండిపోతుంది, లేనివి కనిపిస్తాయి. కొందరు దుప్పటి పీకుతారు, కొందరు ఏడుస్తారు. మర్నాడు పొద్దున మార్తమ్మ పాట ఎత్తుకుంది. మామూలుగా కాదు. పళ్ళెంలో ఉన్న చెంచా అందుకుని మంచం ఇనప కమ్మీ మీద తాళం వేస్తూ, వార్డంతా మారుమోగేలా.

తార పొడిచెనే చెల్లెలా
తూరుపు కొండ కొమ్మునా
గొర్రెల విడిచిన కాపరి
గుండెలు ఎగిసి వచ్చెనే

పాడుతూ మధ్యలో ఆగి తిట్టేది. "ఏమే పొట్టిదానా, నీ తాడు కింద నించి పోవాలే! పైనించి పోతే జడ చిక్కు పడదూ?" ఆ పొట్టిది ఎవరో మాకు తెలియదు. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గారు రౌండ్స్‌కి వచ్చారు. మార్తమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "పొడుగ్గా ఉన్నావు, నువ్వు వెలుపలి వరసలో ఉండు. వంగి కొట్టు, కర్రలా నిలబడకు," అంది. ఆవిడ "సరేనమ్మా," అని ముందుకు నడిచారు. స్టాఫ్ నర్సులు మొహాలు గోడవైపు తిప్పుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి నేను మందుల బీరువా తెరిచి లోపల తల పెట్టాను.

డాక్టరు గారికి చెబితే, "పాడుతోందా? అయితే మందు పట్టింది. తగ్గిస్తూ రండి," అన్నారు.

ఆమె ఎవరో మాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. వాళ్ళ పల్లె సంఘంలో ఉపదేశిగా ఉన్న దేవసహాయం గారు చూడ్డానికి వచ్చారు. ఉపదేశి అంటే పాస్టరు గారి కింద ఒక్కొక్క పల్లెలో ప్రార్థనలు నడిపి, పిల్లలకు పాఠాలు చెప్పే పెద్ద. ఆయన చెప్పిన ప్రకారం, వాళ్ళ పల్లెలో ఏటా క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు జడకోలాటం వేస్తారు. ఒక నిలువు గెడ పైనుంచి రంగురంగుల తాళ్ళు వేలాడదీస్తారు. ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకుని, పాడుతూ, ఒకరి కిందుగా ఒకరు, ఒకరి వెలుపలగా ఒకరు తిరుగుతుంటే గెడ చుట్టూ తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి. తరవాత అదే పాట మీద వెనక్కి తిరిగి జడ విప్పాలి. ఒక్కరు అడుగు తప్పినా విప్పడం కుదరదు, చిక్కుపడి కత్తిరించాల్సిందే. ఆ అడుగుల వరసని కోపు అంటారు. కోపు చెప్పే గురువు మార్తమ్మ. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. పాటలు కూడా ఆమె కట్టుకున్నవే.

"చుట్టుపక్కల పల్లెల వాళ్ళు బండ్లు కట్టుకొచ్చి చూస్తారమ్మా. రెడ్ల వీధి వాళ్ళు, మస్తాన్ వాళ్ళ వీధి వాళ్ళు, అందరూ. ఈ యేడు ఎలాగో మరి," అన్నారు దేవసహాయం గారు. ఆయన బాధ జడకోలాటం గురించి మాత్రమే కాదని నాకు అర్థమైంది. ఆ పల్లెలో అందరూ కూలికి పోయేవాళ్ళే. ఏడాది పొడుగునా ఒకరి చేలో వంగి పనిచేసేవాళ్ళని ఊరంతా నిలబడి చూసే రోజు అదొక్కటే.

నాలుగో రోజున వార్డులో పాట ఆగిపోయింది.

మతి తిరిగొచ్చి ఆగిపోయిందని మొదట అనుకున్నాం. మనిషి మెలకువగానే ఉంది, పిలిస్తే కళ్ళు తిప్పుతోంది. డాక్టరు గారు ఆమె మంచం పక్కన కూర్చుని, "ఏమ్మా, తల దిండు మీంచి ఎత్తు," అన్నారు. ఎత్తలేకపోయింది. ఈ మందు తగిలినవాళ్ళలో కొందరికి, గండం గడిచిందనుకున్నాక, మెడ కండరాలు పట్టు తప్పుతాయి. అది అక్కడితో ఆగితే ఫరవాలేదు. కిందికి దిగి ఊపిరి పీల్చే కండరాల దాకా వస్తే మనిషి దక్కదు. మా దగ్గర ఊపిరి ఆడించే యంత్రం లేదు. చేత్తో నొక్కే రబ్బరు సంచి ఒకటుంది. డాక్టరు గారు దాన్ని ఆమె తలగడ పక్కన పెట్టించి, ఆసుపత్రి వ్యానులో డీజిలు నింపి ఉంచమన్నారు, అవసరమైతే గుంటూరు తీసుకెళ్ళడానికి.

ఆ రెండు రోజులూ నా బల్ల దగ్గర్నుంచి ఆమె గుండెలు లేచి పడటం చూస్తూనే ఉన్నాను. నక్షత్రం కట్టడానికి తెచ్చిన కాగితాలు మూల పడి ఉన్నాయి. ఎవరికీ ముట్టుకోబుద్ధి కాలేదు. పక్క మంచం మీద ఉబ్బసంతో ఉన్న ముసలమ్మ, మొదటి రోజు "ఈ గోల భరించలేనమ్మా, మంచం మార్చు" అని నాతో తగువు పడ్డామె, ఇప్పుడు గంటకోసారి, "పాడటం లేదేంటి ఆ పిల్ల?" అని అడిగేది. మస్తాన్ రోజూ పత్తి మార్కెట్‌కి తోలుకొస్తూ దారిలో ఆగేవాడు. వార్డులోకి వచ్చేవాడు కాదు. కిటికీ బయట నిలబడి యాకోబుతో రెండు మాటలాడి, ఏదో ఒక పండు ఇచ్చి వెళ్ళేవాడు.

ఆరో రోజు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి మార్తమ్మ తల దిండు మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంది. నా వంక చూస్తూ, వణుకుతూ, పళ్ళు బిగబట్టి. "డాక్టరు గారిని పిలవండి, మళ్ళీ మళ్ళీ లేపలేను," అంది. పరిగెత్తాను. వార్డు సిస్టరు వరండాలో పరిగెత్తకూడదు, మంటలంటుకుంటేనో రక్తం పోతుంటేనో తప్ప. ఆ నియమం నా విద్యార్థినులకు చెప్పేది నేనే. సూపరింటెండెంటు గారు ఎదురుపడ్డారు. "తల ఎత్తిందండీ," అన్నాను. ఆవిడ పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

తల ఎత్తగలిగాక చెయ్యి ఎత్తింది. చెయ్యి ఎత్తగానే తల తడుముకుంది.

అరిచింది. నేను చాలా అరుపులు విన్నాను గానీ అలాంటిది వినలేదు. "నా జుట్టేదీ? ఎవత్తి కోసింది నా జుట్టు?" యాకోబు మెల్లగా వరండాలోకి జారుకున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. ముడిలో మందు ఎలా ఉందో, ఎందుకు కడిగినా పోలేదో, అది ఉంచితే ఏమై ఉండేదో. కోసింది నేనేనని కూడా చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తరవాత ఇటు తిరక్కుండానే, "మళ్ళీ వస్తదా?" అంది.

"వస్తుంది. ఇంకా ఒత్తుగా వస్తుంది."

"మోకాళ్ళ దాకా?"

"అది నీ ఓపిక."

ఆ మాటకి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఆ ఆదివారం, అంటే నాలుగో అడ్వెంటు నాడు, చూడటానికి అనుమతించే వేళకి దేవసహాయం గారు కోలాటం ఆడవాళ్ళను కొందరిని వెంటబెట్టుకు వచ్చారు. పాపం మంచి మనసుతోనే, ఈ యేడు జడకోలాటం మానేస్తున్నామనీ, ఆమె దిగులు పడకుండా విశ్రాంతి తీసుకోవాలనీ చెప్పబోయారు. మార్తమ్మ ఆయన్ని పూర్తి చేయనివ్వలేదు.

"మానేస్తారా? ఏం, నేను చచ్చాననుకున్నారా? నా జడ పోతే పోయింది, ఆ జడ అల్లాల్సిందే. పొట్టిదానా, ఇట్రా. కోపు చెప్పు, వింటా."

అప్పుడు తెలిసింది పొట్టిది ఎవరో. ఆమె చెల్లెలు సుందరమ్మ. నిజానికి వాళ్ళందరిలోకీ పొడుగ్గా ఉంది.

డాక్టరు గారు క్రిస్మస్ దాటేదాకా ఇంటికి పంపనని తేల్చి చెప్పారు. మెడ ఇంకా నిలకడగా లేదు, మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంది. అంటే ఆమె పల్లెకి వెళ్ళే వీల్లేదు. పల్లె ఆడవాళ్ళే ఇక్కడికి వస్తే తప్ప ఆమెకి కోలాటం లేదు. నేను సూపరింటెండెంటు గారి ఆఫీసుకి వెళ్ళి అడిగాను: క్రిస్మస్ మధ్యాహ్నం రోగుల కోసం ఏటా జరిపే కార్యక్రమంలో ఆ పల్లె ఆడవాళ్ళని జడకోలాటం వేయనిస్తారా, ప్రాక్టీసు మా వార్డు వెనక ఖాళీ స్థలంలో చేసుకోనిస్తారా అని.

ఆవిడ కళ్ళజోడు తీశారు. "చప్పుడు సంగతి? పక్కన ఆపరేషన్ వార్డు ఉంది. కుట్లు పడిన వాళ్ళు ఉలిక్కిపడితే ఎవరు జవాబుదారీ?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆవిడే అన్నారు, "కోలలకి దూది చుట్టండి."

దూదికి మాకు కరువా! మస్తాన్ ఒక గోనెసంచి నిండా పత్తి తెచ్చి వరండాలో కుమ్మరించాడు. గింజ తీయడం ఉబ్బసం ముసలమ్మ మొదలుపెట్టింది, ఆమె చూసి లేవగలిగినవాళ్ళంతా కూర్చున్నారు. గింజ తీసిన దూదిని కోలలకి చుట్టి, పాత బ్యాండేజీ గుడ్డతో బిగించి కట్టడం నా విద్యార్థినుల పని. వాళ్ళకి అప్పటిదాకా ఎంత చెప్పినా రాని బ్యాండేజీ చుట్టు ఆ రెండు రోజుల్లో చక్కగా వచ్చింది. ఆ సాయంత్రాలు వార్డు వెనక ఆడవాళ్ళు తిరుగుతుంటే కోలలు ఒకదానికొకటి తగిలి, చలికాలంలో దుప్పటి దులిపినట్టు మెత్తగా పుఫ్ పుఫ్ మనేవి. పాట గొంతులోనే. కిటికీ పక్కకి లాగిన మంచం మీంచి మార్తమ్మ ఒక్కతే గట్టిగా అరిచేది. ఆమె నోటికి దూది చుట్టే మార్గం సూపరింటెండెంటు గారికి కూడా తోచలేదు.

మా వార్డు అలంకరణ ఆ యేడు ఏమీ కాలేదు. పురుషుల వార్డు వాళ్ళు బహుమతి పట్టుకుపోయారు. అప్పటికి ఆ సంగతి నాకు గుర్తు కూడా లేదు.

క్రిస్మస్ పొద్దున్నే ఎప్పటిలాగే నర్సులందరం కొవ్వొత్తులతో వార్డు వార్డుకీ పాడుకుంటూ తిరిగాం. చాపెల్లో బలిపీఠం మీద తెల్లగుడ్డ పరిచారు. ఆరాధన అయింది, అందరికీ కేకు ముక్క, అరిసె పంచాం. మధ్యాహ్నం, మొదటి రోజు వచ్చిన ట్రాక్టరే గేట్లోకి వచ్చింది. ట్రక్కు కమ్మీలకి కొబ్బరాకులు, కాగితపు పూలు. దాంట్లో పట్టినంతమంది పల్లె జనం, వెనక నడుచుకుంటూ మిగతావాళ్ళు. డప్పులు గేటు దగ్గరే ఆపేశారు, మస్తాన్ దారిలోనే కట్టడి చేశాడట. కొత్త చీరలు, నూనె రాసిన తలలు, జడల నిండా చేమంతులు. ఇంతమంది జడల మధ్య బోడి తలతో మార్తమ్మ ఎలా నిలబడుతుంది?

మార్తమ్మ వార్డులోంచి వచ్చింది, ఒక పక్క నేను, ఒక పక్క యాకోబు. తలకి ఎర్రటి తలపాగా. మగ గురువులు కట్టుకునే పద్ధతిలో, కుచ్చు పైకి లేచి ఉండేలా యాకోబు కట్టాడు. జనం ఒక్క అరుపు అరిచారు. వాకిట్లో పాతిన వెదురు గెడ పైన నక్షత్రం, దాని కిందనుంచి తాళ్ళు. గెడ పక్కన ఆమెకి స్టూలు వేశాం. కూర్చునే కోపు చెప్పాలని డాక్టరు గారి షరతు. వరండాల నిండా రోగులు. నడవలేనివాళ్ళ మంచాలు తలుపుల దాకా తోయించాం. సూపరింటెండెంటు గారు ముందుకొచ్చి, "ఈ ఒక్క ఆటకి దూది విప్పేయండి," అన్నారు.

కోలలు ఠక్కున పలికాయి. ఆ రెండు సాయంత్రాలూ మెత్తటి చప్పుడుకి అలవాటుపడ్డ నేనే ఉలిక్కిపడ్డాను. తార పొడిచింది, కాపరి వచ్చాడు, తాళ్ళు గెడ చుట్టూ పచ్చా ఎరుపూ పసుపూ అల్లుకుంటూ దిగాయి. మార్తమ్మ కూర్చోలేదు. రెండో చరణానికే లేచి నిలబడింది. డాక్టరు గారు నా వంక చూశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను. పుట్టిన క్రీస్తుకి కానుకలు తెచ్చిన జ్ఞానుల చరణం దగ్గర, మాకెవరికీ చెప్పకుండా కట్టిన కొత్త పాదం ఎత్తుకుంది.

జ్ఞానులు ముగ్గురు మోసుకొచ్చిరే
నెత్తిన పెట్టెలు చెల్లెలా
మూత చూసి మరి మొయ్యవే
ముడిలో కారును చెల్లెలా

ముందు మస్తాన్‌కి అర్థమైంది. పెద్దగా నవ్వాడు. తరవాత జనమంతా. డాక్టరు గారు నవ్వడం నేను చూసింది ఆరోజే.

జడ విప్పడం మొదలైంది. మార్తమ్మ చెయ్యెత్తి తాళం వేస్తుంటే తలపాగా సడలింది. ముందు కుచ్చు వాలింది, తరవాత మొత్తం జారి భుజం మీద పడింది. ఎండలో బోడి తల, సన్నగా మొలిచిన నల్లటి మొలకలతో. కోలాటం ఆడవాళ్ళు కళ్ళు దించుకున్నారు. సుందరమ్మ అడుగు ఆగింది. పక్కామె తాడు ఆమె తాడుకి అడ్డం పడబోయింది.

"ఆగకండే! నా తలకాయ తరవాత చూద్దురుగానీ, తాడు చూడండి! పొట్టిదానా, కింద నించి!"

తలపాగా తీసి యాకోబు మీదికి విసిరి, అరచేతులు చరుస్తూ పాట రెట్టించింది. అడుగు కలిసింది. తాళ్ళు ఒక్కొక్కటే విడిపోయి, చివరికి అన్నీ నిటారుగా వేలాడాయి, ఒక్క చిక్కు లేకుండా. అప్పుడు స్టూలు మీద కూలబడింది. నేను మణికట్టు పట్టుకున్నాను. నాడి వేగంగా, కానీ బలంగా కొట్టుకుంటోంది. "బాగుందా?" అంది. "నాడి బాగుంది," అన్నాను. "అదెవరికి కావాలి! ఆట!" అంది.

ఆమె కొత్త సంవత్సరం మొదటి వారంలో డిశ్చార్జి అయింది. మస్తాన్ చేలో మందు డబ్బాలు ఆ తరవాత నెత్తిన కాకుండా కావిడిలోనే వచ్చేవని యాకోబు చెప్పాడు.

నేను తరవాత చాలా ఏళ్ళు నర్సింగు పాఠశాలలో పాఠాలు చెప్పాను. పురుగుమందు కేసు గురించి చెప్పేటప్పుడు రెండు విషయాలు ఎప్పుడూ కలిపేదాన్ని. మొదటిది, బట్టలతోపాటు జుట్టు చూడండి, ముడి విప్పి చూడండి, అవసరమైతే వెనకాడకుండా తీసేయండి, తెలివి వచ్చాక ఎందుకు తీశారో మీరే చెప్పండి. రెండోది, మనిషి తేరుకోగానే, ఆమె లేక ఊళ్ళో ఏ పని ఆగిపోయిందో అడగండి. అందులో మంచం మీంచి చేయగలిగింది ఎంతో కొంత ఉంటుంది, అది చేయనివ్వండి. దానివల్ల రోగం త్వరగా తగ్గుతుందని నేను చెప్పలేను. నేనెప్పుడూ పరీక్షించి చూడలేదు. అలాంటి రోగి మాత్రం అన్నం తింటుంది, సూదిమందుకి చెయ్యి చాపుతుంది. వార్డు నడపడానికి నాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.